గడ్డి మంటలు తగ్గాయంటే గడ్డి మిగిలిందని కాదు

హైదరాబాద్ బాలానగర్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్ శాస్త్రవేత్తలకు,

నమస్కారం.

నేను నంద్యాల జిల్లాలో సాంఘిక శాస్త్రం ఉపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేశాను. మా బడి వెనక ఒక గట్టు ఉంది. అడంగల్‌లో అది పశువుల మేత పోరంబోకు. 2004 వేసవి నుంచి ఆ గట్టు ఏ రోజు, ఏ వేళకు, ఏ వైపు కాలిందో ఒక నోటుపుస్తకంలో రాసుకుంటూ వచ్చాను. మొదట ఇది పిల్లలకు పటాలు గీయడం నేర్పడానికి పెట్టుకున్న పని. తరువాత అలవాటైంది. ఇప్పుడు ఆ పుస్తకం చూస్తే మనసు స్థిమితంగా ఉండదు. అందుకే ఈ ఉత్తరం.

మొదటి పుటల్లో ఒక్కో వేసవికి మూడు నాలుగు నమోదులు ఉంటాయి. ఒకటి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను: ‘మార్చి 11. సాయంత్రం నాలుగున్నరకు పడమటి వాలులో అంటుకుంది. గాలి తూర్పుకు. ఆరున్నరకల్లా బండల దగ్గర ఆగిపోయింది. సుమారు ఆరెకరాలు.’ చివరి పుటలకు వచ్చేసరికి ఏడాదికి ఒకటి, కొన్నేళ్లకు ఒక్కటీ లేదు. ఈ పుస్తకం మాత్రమే చూసినవారు ఊరివాళ్లకు జాగ్రత్త పెరిగిందనో, వాతావరణంలోకి పోయే వాయువులు తగ్గాయనో సంతోషిస్తారు. గట్టు చూసినవారు సంతోషించలేరు. ఉత్తరం వైపు వాలును రోడ్డు పనుల గ్రావెల్ కోసం తవ్వేశారు. తూర్పున జామాయిల్ నాటారు. దక్షిణాన రాళ్లు పాతి ప్లాట్లు వేశారు. కాలడానికి గడ్డి లేక మంటలు తగ్గాయి.

నేను మీకు చెప్పదలచుకున్నది ఈ ఒక్క మాటే. గడ్డి మంటల నుంచి వెలువడే వాయువుల గీత ఏళ్ల తరబడి కిందికి దిగుతుంటే, ఆ గీత పక్కనే గడ్డి ఎంత మిగిలిందో చూపే గీత కూడా ఉండాలి. ఉపగ్రహ చిత్రాలతో ఆ రెండూ కలిపి గీయగలిగిన సంస్థ మన దేశంలో మీది. అది మన హైదరాబాద్‌లోనే ఉంది.

గడ్డి మంటను దగ్గరగా చూడనివారికి అది అడవి మంటలాంటిదే అనిపిస్తుంది. రెండిటి తీరు వేరు. మార్చిలో గట్టు మీది గడ్డి నడుమెత్తున ఎండి, గోధుమ రంగుకు తిరిగి, తాకితే గలగలమంటుంది. నిప్పు పడితే మంట మనిషి ఎత్తున లేచి, గాలి ఎటు తోస్తే అటు పరిగెత్తుతుంది. ఒక్కో చోట మంట నిలిచేది అర నిమిషం కూడా కాదు. మంట ముందు మిడతలు గుంపులుగా లేస్తాయి. వాటి కోసం పాలపిట్టలు, నల్ల ఏట్రింతలు పొగలోకి దూకి బయటికి వస్తాయి. మరునాడు పొద్దున వెళ్లి చూస్తే నేలంతా ఒకే నలుపుగా ఉండదు. బాగా ఎండినచోట తెల్లటి నివురు, కొంచెం పచ్చి మిగిలినచోట సగం కాలిన నల్లటి మోళ్లు, రాళ్ల సందుల్లో అసలు కాలని కుచ్చులు. వేళ్లతో మట్టిని పెల్లగిస్తే రెండంగుళాల కింద అంతా చల్లగానే ఉంటుంది. వేరుకు ఏమీ కాదు. తొలకరి పడిన వారానికే ఆ నల్లటి మోళ్లలోంచి పచ్చటి సూదులు పైకి వస్తాయి. గొర్రెల కాపరులు పాత గడ్డిని కాల్చేది ఆ చిగురు కోసమే. అయితే మార్చి, ఏప్రిల్‌లో పెట్టే నిప్పుకు నేల మీద గూడు కట్టుకునే కౌజు పిట్టల గుడ్లు కూడా పోతాయి. కాపరి అవసరమూ నిజమే, పిట్ట నష్టమూ నిజమే.

ఇక వాయువుల లెక్క. ఒక ఏడాది మా పిల్లలతో గట్టు మీద చదరపు మీటరు గీసి, అందులోని గడ్డి కోసి, బాగా ఎండబెట్టి, కిరాణా కొట్టు తక్కెడలో తూయించాను. పావు కిలో వచ్చింది. అంటే ఎకరానికి దాదాపు టన్ను. వాతావరణ మార్పుపై అంతర్ప్రభుత్వ సంఘం, ఐపీసీసీ, 2006లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం టన్ను ఎండు గడ్డి కాలితే 1,613 కిలోల కార్బన్ డయాక్సైడ్, 65 కిలోల కార్బన్ మోనాక్సైడ్, 2.3 కిలోల మీథేన్, 210 గ్రాముల నైట్రస్ ఆక్సైడ్ వెలువడతాయి. వీటిలో కార్బన్ డయాక్సైడ్‌ను లెక్కలో కలపరు. వచ్చే వానలకు మొలిచే గడ్డి దాన్ని మళ్లీ పీల్చుకుంటుంది కాబట్టి. మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ అలా వెనక్కి రావు. మీథేన్ పన్నెండేళ్ల దాకా, నైట్రస్ ఆక్సైడ్ వందేళ్లకు పైగా గాలిలో ఉంటాయి. వందేళ్ల లెక్కన మీథేన్ వేడి కార్బన్ డయాక్సైడ్‌కు 28 రెట్లు, నైట్రస్ ఆక్సైడ్‌ది 265 రెట్లు. హెచ్చించి కూడితే ఎకరం గట్టు కాలినప్పుడు 120 కిలోల కార్బన్ డయాక్సైడ్‌కు సమానమైన భారం గాలికి చేరుతుంది. ట్రాక్టరులో 44 లీటర్ల డీజిల్ కాల్చినంత. ఎనిమిదో తరగతి పిల్లలు బల్లపై ఈ లెక్క చేశారు. తరగతిలో ఇంకెప్పుడూ అంత నిశ్శబ్దం నేను చూడలేదు.

అదే టన్ను వరిగడ్డి పొలంలో కాలిస్తే లెక్క మారుతుంది. మీథేన్ 2.7 కిలోలు, నైట్రస్ ఆక్సైడ్ 70 గ్రాములే. కూడితే 94 కిలోలు. మంట చూడటానికి ఒకేలా ఉన్నా, కాలింది ఏ గడ్డి అన్నదాన్ని బట్టి నాలుగో వంతు తేడా వస్తోంది. మన రెండు రాష్ట్రాల్లో వేసవి మంటల పటం చూస్తే కోసిన వరి మళ్లు, అడవి, గట్లు ఒకే ఎర్రటి చుక్కలుగా కనిపిస్తాయి. ఆ చుక్కలను ముందు విడదీయకుండా దీర్ఘకాలపు లెక్క ఏదీ నిలబడదు.

ప్రపంచం మొత్తం మీద ఈ లెక్క ఎటు పోతోందో మీకు నాకంటే బాగా తెలుసు. ఈ ఉత్తరం చదివే మామూలు పాఠకుల కోసం రాస్తున్నాను. భూమి మీద మంటల వల్ల గాలికి చేరే కర్బనంలో దాదాపు మూడింట రెండు వంతులు సవన్నాలు, అంటే చెట్లు అక్కడక్కడ ఉండే గడ్డి నేలలు, పచ్చిక బయళ్ల నుంచే వస్తుంది. అధిక భాగం ఆఫ్రికాలో. 1998 నుంచి 2015 మధ్య ప్రపంచంలో ఏటా కాలే విస్తీర్ణం నాలుగో వంతు దాకా తగ్గిందని 2017లో ‘సైన్స్’ పత్రికలో వచ్చిన పరిశోధన తేల్చింది. తగ్గుదల ఎక్కువగా గడ్డి నేలల్లోనే. ఎందుకంటే ఆ నేలలు పొలాలయ్యాయి, రోడ్లు వాటిని ముక్కలు చేశాయి, పశువులు పెరిగి గడ్డి నిలవలేదు. మా గట్టు కథే పెద్ద అక్షరాలతో రాసినట్టుంది. మరో వైపు 2000 నుంచి 2019 దాకా చూస్తే, కాలే విస్తీర్ణం ఇంత తగ్గినా మంటల నుంచి వచ్చే మొత్తం కార్బన్ డయాక్సైడ్ తగ్గలేదు. గడ్డి నేలల్లో తగ్గినదాన్ని అడవి మంటలు భర్తీ చేశాయి. గడ్డి నుంచి వచ్చే కర్బనాన్ని మరుసటి వాన తిరిగి తెచ్చుకుంటుంది. అడవి కాలితే తిరిగి రావడానికి దశాబ్దాలు కావాలి. రెండిటినీ ఒకే అంకెలో కలిపేస్తే ఈ తేడా మాయమవుతుంది.

గడ్డి పొలమైతే వాయువులు ఆగిపోయాయా? ఆగలేదు, వేరే పద్దులోకి మారాయి. గడ్డి తన కర్బనంలో ఎక్కువ భాగాన్ని వేళ్లలో, మట్టిలో దాచుకుంటుంది. మంట దాన్ని తాకదు, నాగలి తాకుతుంది. దున్నిన మట్టి గాలి తగిలి ఏళ్ల తరబడి ఆ నిల్వను వదులుతుంది. ఆపైన యూరియా వేస్తే నైట్రస్ ఆక్సైడ్, నీళ్లు నిలిపి వరి వేస్తే మీథేన్, మోటార్లకు కరెంటు, ట్రాక్టరుకు డీజిల్. వీటిలో ఒక్కటీ ‘గడ్డి మంటలు’ అన్న వరుసలో పడదు. ఆ వరుస మాత్రం ఏటేటా అందంగా తగ్గుతూ కనిపిస్తుంది. రైతు తప్పు చేశాడని నేను అనడం లేదు. మా నాన్న కూడా బీడు దున్ని సాగులోకి తెచ్చినవాడే, ఆ పంటే నన్ను చదివించింది. లెక్క రాసేవారు మాత్రం పోయినదాన్ని పోయిందని రాయాలి.

దేశం మొత్తం వాయువులతో పోలిస్తే గడ్డి మంటల వాటా చాలా చిన్నదని కూడా ఒప్పుకుంటాను. భారతదేశం 2020వ సంవత్సరానికి ఐక్యరాజ్యసమితికి ఇచ్చిన లెక్కలో అడవులు, భూవినియోగం కలపకుండా మొత్తం 295.9 కోట్ల టన్నులు ఉంది. మాట వరసకు దేశంలో ఏడాదికి 10 లక్షల హెక్టార్ల గడ్డి, మా గట్టంత దట్టంగా ఉన్నది, కాలిందనుకుందాం. 3 లక్షల టన్నులు అవుతుంది. మొత్తంలో పదివేలో వంతు. ఒక్క పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం కొద్ది రోజుల్లో అంత వదులుతుంది. కాబట్టి గడ్డి కాల్చే కాపరిని వాతావరణానికి శత్రువుగా నిలబెట్టవద్దు. ఈ లెక్క మనకు కావలసింది ఇంకో కారణానికి. గడ్డి నేల బతికి ఉందా, చచ్చిపోతోందా అని చెప్పే నాడి అది. వాన బాగా పడిన ఏడాది తరువాతి వేసవిలో మంటలు పెరుగుతాయి, కరవు తరువాత తగ్గుతాయి. బతికి ఉన్న గడ్డి నేల మంటల గీత అలా వానతో పాటు లేచి పడుతుంటుంది. వాన ఎంత పడినా గీత లేవడం మానేసిందంటే అక్కడ గడ్డి లేదని అర్థం.

మరి మనకు ఇప్పుడు కనిపిస్తున్న అంకెలు ఏమిటి? డెహ్రాడూన్‌లోని ఫారెస్ట్ సర్వే ఆఫ్ ఇండియా ప్రతి అగ్గి కాలానికీ, అంటే నవంబరు నుంచి జూన్ దాకా, ఉపగ్రహాలు పట్టిన మంటలను లెక్కిస్తుంది. 2021–22లో 2,23,333, తరువాతి ఏడాది 2,12,249, 2023–24లో 2,03,544. మూడేళ్లు వరుసగా తగ్గాయి. ఆ లెక్కలో మా గట్టు లేదు, ఎందుకంటే అది అడవి కాదు. అటవీ సరిహద్దు లోపలి మంటలకే హెచ్చరిక వెళుతుంది. అది వాళ్ల పని, దాన్ని వాళ్లు శ్రద్ధగానే చేస్తున్నారు. 2014 మార్చిలో శేషాచలం అంటుకున్నప్పుడు వైమానిక దళం హెలికాప్టర్లు నీళ్లు మోశాయి. గట్టుకు హెలికాప్టర్ అడగడం లేదు, అక్కర కూడా లేదు. లెక్కలో ఒక వరుస చాలు.

మూడేళ్లది ధోరణి కాదన్నది సరే, పాతికేళ్లవి తీసుకున్నా చిక్కు ఉంది. పరికరాలు మారాయి. 1999 చివర్లో ఎగిరిన టెర్రా, 2002లో ఎగిరిన ఆక్వా ఉపగ్రహాల మీది మోడిస్ అనే పరికరం నేలను కిలోమీటరు గళ్లుగా విడదీసి మంటను చూసేది. 2011లో వెళ్లిన సువోమి ఎన్‌పీపీ ఉపగ్రహం మీది విర్స్ పరికరం 375 మీటర్ల గడిలో చూస్తుంది. చిన్న మంటలు కూడా దానికి చిక్కుతాయి. పాత పరికరం అంకె పక్కన కొత్త పరికరం అంకె పెట్టి మంటలు అన్ని రెట్లు పెరిగాయని వార్త రాస్తే అది కళ్లద్దాలు మార్చుకున్న సంగతే తప్ప మంటల సంగతి కాదు. పైగా ఈ ఉపగ్రహాలు చాలా ఏళ్లు మన మీదుగా వెళ్లింది ఉదయం పదిన్నర, మధ్యాహ్నం ఒకటిన్నర, రాత్రి మళ్లీ అవే వేళల ప్రాంతంలో. నా నోటుపుస్తకంలోని మార్చి 11 చూడండి. నాలుగున్నరకు పుట్టి ఆరున్నరకు చచ్చిన మంట. ఆకాశంలో దానికి సాక్షి లేడు. మా నమోదుల్లో సగానికి పైగా ఇలాంటివే. కాపరులు ఎండ తగ్గాక, గొర్రెలు మళ్లేవేళకు నిప్పు పెడతారు.

మంటను పట్టలేకపోతే మచ్చను పట్టాలి. కాలిన నేల వారాల తరబడి నల్లగా ఉంటుంది. ప్రపంచమంతా వాడే మోడిస్ కాలిన నేలల పటంలో ఒక్కో గడి 500 మీటర్లు, అంటే 25 హెక్టార్లు, అరవై ఎకరాలకు పైమాటే. మా ఆరెకరాల మచ్చ అందులో పదో వంతు. గడి రంగు మారదు. ఇది మా ఊరి బాధే కాదు. చిన్న మంటలను కలిపి మళ్లీ లెక్కించినప్పుడు ప్రపంచంలో 2001–2020 మధ్య ఏటా కాలిన విస్తీర్ణం 77.4 కోట్ల హెక్టార్లని తేలింది. మన దేశానికి రెట్టింపుకు పైగా. అంతకు ముందటి అంచనా కంటే 61 శాతం ఎక్కువ. చిన్నవన్నీ కలిస్తే అంత.

ఇక్కడే మీ దగ్గరున్న నిధి గురించి చెప్పాలి. మీ షాద్‌నగర్ కేంద్రంలో మన రిసోర్స్‌శాట్ ఉపగ్రహాల చిత్రాలు ఉన్నాయి. మొదటి రిసోర్స్‌శాట్ 2003 అక్టోబరులో, రెండోది 2011లో, 2ఏ 2016లో వెళ్లాయి. వాటి మీది ఏవిఫ్స్ కెమెరా గడి 56 మీటర్లు, అంటే ముప్పాతిక ఎకరం. అయిదు రోజులకోసారి అదే చోటికి వస్తుంది. వారాల పాటు ఉండే నల్ల మచ్చకు అది చాలు. మా ఆరెకరాల మంట అందులో ఎనిమిది గళ్లు. నా నోటుపుస్తకం, మీ ఏవిఫ్స్ ఇంచుమించు ఒకే సమయంలో మొదలయ్యాయి.

రోళ్లపాడునే తీసుకోండి. అంతరించిపోతున్న బట్టమేక పిట్ట కోసం 1988లో ఏర్పాటైన అభయారణ్యం అది. కృష్ణజింకలు, తోడేళ్లు తిరిగే గడ్డి నేల. ప్రయోగ దశ దాటి పూర్తిస్థాయిలో పనిచేసిన మన దేశపు మొదటి దూరసంవేదన ఉపగ్రహం ఐఆర్‌ఎస్–1ఏ ఎగిరింది కూడా ఆ ఏడాదే. అభయారణ్యం మొత్తం 614 హెక్టార్లు. మోడిస్ పటంలో దాన్ని పరిస్తే 25 గళ్లు. ఒక ప్రాణి బతుకుచావులు ఆధారపడిన నేలను 25 గళ్లలో చదవగలమా? మీ ఏవిఫ్స్‌లో అదే నేల 1,950కి పైగా గళ్లు. ఏ వేసవిలో ఏ మూల కాలింది, ఏ మూల కాలకుండా మిగిలింది, కంచె బయటి గడ్డి ఏ ఏడాది పొలమైంది, అన్నీ అందులో ఉన్నాయి. చుట్టూ కాలువ నీళ్లు వచ్చి పంటలు మారిన కొద్దీ బయటి గడ్డి ఎలా కుంచించుకుపోయిందో ఆ ప్రాంతంలో తిరిగిన మాకు తెలుసు. అది ఏడాదివారీగా పటంగా ఉంటే మా మాట అక్కరలేదు.

అందుకని నా మొదటి అభ్యర్థన. 2004 నుంచి ఇప్పటిదాకా ప్రతి వేసవికీ ఆంధ్రప్రదేశ్, తెలంగాణల గడ్డి నేలల్లో కాలిన మచ్చలను ఏవిఫ్స్ చిత్రాల నుంచి గీయించండి. అడవిని, వరి మళ్లను, గడ్డి నేలలను వేరు చేసి మూడు వరుసలుగా ఇవ్వండి. ప్రతి వరుసకూ మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ లెక్క కట్టండి. ఆ పక్కన ఆ ఏడాది గడ్డి నేల మొత్తం ఎంత, ముందటి ఏడాది వాన ఎంత అన్నది రాయండి. మండలం పేరు తెలుగులో కొడితే కనిపించేలా పెట్టండి. పటాలు చూపే భువన్ వెబ్‌సైటు మీరు కట్టినదే, భూనిధి వెబ్‌సైటులో ఏవిఫ్స్ చిత్రాలను ఉచితంగా ఇస్తున్నదీ మీరే. చిత్రాలు తెరిచి ఉన్నా, వాటిని లెక్కగా మార్చే పరిజ్ఞానం పల్లెల్లో లేదు.

గడ్డిని తూచే పని కూడా చేయించండి. ఐపీసీసీ ఇచ్చిన మీథేన్ 2.3 కిలోలు, నైట్రస్ ఆక్సైడ్ 210 గ్రాములు అన్నవి ప్రపంచం మొత్తానికి సగటులు. మా గట్టు మీది చీపురు గడ్డికి, నల్లమల అంచుల బోద గడ్డికి అవే సరిపోతాయని ఎవరూ తూకం వేసి చెప్పలేదు నాకు. తేమను బట్టి కూడా మారతాయి. ఎండు గడ్డి భగ్గున మండితే మీథేన్ తక్కువ. పచ్చి మిగిలిన గడ్డి పొగలుకక్కుతూ కాలితే కిలోకు మీథేన్ ఎక్కువ. జనవరి మంటా మే మంటా ఒకటి కాదు. దగ్గర్లోని వ్యవసాయ కళాశాలల విద్యార్థులకు ఒక తక్కెడ, ఒక ఓవెన్ ఇస్తే రెండు వేసవుల్లో ఈ పని పూర్తవుతుంది.

రెండో అభ్యర్థన పేరు గురించి. మీరు భూ వనరుల శాఖతో కలిసి తయారుచేసే బంజరు భూముల అట్లాసు 2019 సంచికలో దేశంలో 5.58 కోట్ల హెక్టార్లు బంజరుగా ఉంది. పొదల నేలలు, క్షీణించిన మేత భూములు అందులోనివే. పటం గీసేటప్పుడు ఏదో ఒక పేరు పెట్టక తప్పదు, నాకు తెలుసు. కానీ ఆ పేరు కలెక్టరు కార్యాలయానికి చేరేసరికి ఆజ్ఞ అవుతుంది. బంజరు కాబట్టి చెట్లు నాటండి, బంజరు కాబట్టి తవ్వండి, బంజరు కాబట్టి సౌర పలకలు పరచండి. మా వైపు గని, శకునాల గ్రామాల దగ్గర సుమారు 6 వేల ఎకరాల్లో 1,000 మెగావాట్ల సౌర పార్కు 2017లో వచ్చింది. బొగ్గు కాల్చకుండా కరెంటు రావడం మంచిదే, దాన్ని నేను కాదనను. ఇలాంటి నిర్ణయాలకు ముందు ఆ నేలలో ఏది రాయి, ఏది గడ్డి, ఎన్ని మందలు మేస్తున్నాయి అని అడిగే అవకాశం ఉండాలి. ‘బంజరు’ అన్న ఒక్క మాట ఆ ప్రశ్నను ముందే మూసేస్తుంది. 2005 నుంచి 2015 మధ్య 56.5 లక్షల హెక్టార్ల గడ్డి నేల, ఉన్నదాంట్లో 31 శాతం, పోయిందని 2019లో ఎడారీకరణపై జరిగిన ఢిల్లీ సదస్సుకు మన దేశమే లెక్క ఇచ్చింది. మన గడ్డి మంటలు ఆ పదేళ్లలో తగ్గి ఉంటే అందులో ఆశ్చర్యం ఏముంది? వచ్చే అట్లాసులో సహజమైన గడ్డి నేలకు బంజరు నుంచి విడిగా ఒక వర్గం, ఒక రంగు ఇవ్వండి. రెవెన్యూ వారి ‘మేత పోరంబోకు’ అన్న పాత మాట కూడా దీనికంటే నయం. కనీసం ఆ నేల ఎవరికి పనికొస్తుందో అందులో ఉంది.

ఇలాంటి లెక్క ఉంటే ఏం చేయవచ్చో ఆస్ట్రేలియా ఉత్తరాన చూశారు. పశ్చిమ ఆర్నెమ్ ల్యాండ్‌లో 28 వేల చదరపు కిలోమీటర్ల సవన్నా. అక్కడి ఆదివాసులు తరతరాలుగా వానలు ఆగిన కొత్తలో, గడ్డిలో తేమ ఉండగానే, ముక్కలు ముక్కలుగా చిన్న నిప్పులు పెట్టేవారు. వాళ్లను ఆ నేల నుంచి దూరం చేశాక ఎండలు ముదిరిన నెలల్లో పెద్ద మంటలు లేవడం మొదలైంది. 2006లో డార్విన్‌లోని ద్రవ సహజవాయువు కర్మాగారంతో 17 ఏళ్ల ఒప్పందం కుదిరి, ఏటా లక్ష టన్నుల వాయువులు తగ్గించడానికి ఆదివాసీ రేంజర్లకు డబ్బు అందింది. వాళ్లు పాత పద్ధతిలో తొలి నిప్పులు పెట్టారు. మొదటి ఏడేళ్లలో మీథేన్, నైట్రస్ ఆక్సైడ్ కలిపి దాదాపు 38 శాతం తగ్గాయి. దేనితో పోల్చి? 1995 నుంచి 2004 దాకా ఉపగ్రహ పటాల మీద ఏటేటా గీసిపెట్టుకున్న మచ్చలతో. ఆ పదేళ్ల లెక్క లేకపోతే ఆ రేంజర్లు ఎంత చెమటోడ్చినా నిరూపించుకోవడానికి ఏమీ ఉండేది కాదు.

ఆ పద్ధతిని రేపే మన గట్ల మీద దించమని అడగను. మన గడ్డి వేరు, మన వానలు వేరు, ఇక్కడి నేలలో మనుషులు, మందలు ఎక్కువ. పచ్చిగా ఉన్నప్పుడు కాలిస్తే మీథేన్ ఎంతో తూయకుండా లాభం లెక్కగట్టడం తప్పు. కానీ ఇక్కడ కూడా కాపరి దగ్గర ఒక జ్ఞానం ఉంది. ఏ వాలు ఏ ఏడాది వదిలిపెట్టాలో, గాలి మళ్లేదాకా ఎలా ఆగాలో మా తాతకు తెలుసు. ఆయన ముందుగా బండ దగ్గర బారెడు వెడల్పున గడ్డి పీకించి, ఆ తరువాతే నిప్పు తాకించేవాడు. ఇప్పుడు ఆ పని చేసేవాడు ఎవరైనా చూస్తారేమోనన్న భయంతో అగ్గిపుల్ల గీసి పారిపోతున్నాడు. నిప్పు ఎటు పోతుందో చూసే మనిషి లేడు. ఎవరి మీదా కేసు పెట్టకుండా, ఎప్పుడు ఎక్కడ కాల్చారో వాళ్ల నోటే చెప్పించుకుంటే మీ మచ్చల పటానికి నేల మీది సాక్ష్యం దొరుకుతుంది. మీ లెక్క వాళ్లను పట్టుకోవడానికి వాడబోమన్న మాట మొదటే ఇవ్వండి. లేకపోతే ఒక్కడూ నోరు విప్పడు.

నా నోటుపుస్తకం మీకు ఇస్తాను. తారీఖు, వేళ, వాలు, గాలి, ఎకరాలు అన్నీ ఉన్నాయి. తప్పులు ఉండవచ్చు. ఎకరాలు అడుగులతో కొలిచినవి, కొన్ని కంటితో వేసిన అంచనాలు. వాటి పక్కన చుక్క పెట్టాను. మీ ఏవిఫ్స్ గళ్లతో సరిచూస్తే ఎవరి లెక్క ఎంత నిజమో తేలిపోతుంది. నాతో పాటు ఆ రోజుల్లో గడ్డి తూచిన పిల్లల్లో ఇద్దరు ఇప్పుడు ఉపాధ్యాయులు. వాళ్ల బళ్లలోనూ ఇలాంటి పుస్తకాలు మొదలుపెడతామన్నారు.

మీ వాళ్లెవరైనా వస్తే ఫిబ్రవరి చివర రండి. గట్టు పడమటి వాలులో పదెకరాల గడ్డి ఇంకా ఉంది. అప్పటికి అది ఎండి నిలబడి ఉంటుంది, ఇంకా ఎవరూ కాల్చి ఉండరు. తూచడానికి అదే సరైన వేళ.

ఇట్లు,
ఒక విశ్రాంత సాంఘిక శాస్త్ర ఉపాధ్యాయుడు,
నంద్యాల జిల్లా